పార్ట్‌నర్ వీసా వెయిటింగ్: 17 నెలల్లో మేం చేసిన తప్పులు, నేర్చుకున్న విషయాలు

ఈ ఎపిసోడ్ కొంచెం పర్సనల్. చాలా రోజులుగా ఒకే రకం మెసేజ్ వస్తోంది. "అన్నా, పెళ్లయింది, మా ఆయన అక్కడ, నేనిక్కడ. ఫైల్ వేసి ఎనిమిది నెలలైంది. స్టేటస్ కదలట్లేదు. పిచ్చెక్కుతోంది, ఏం చెయ్యమంటావ్?" అని. పేరు మారుతుంది, దేశం మారుతుంది, ప్రశ్న మాత్రం అదే.

నేను కూడా ఆ క్యూలో 17 నెలలు నిలబడినవాణ్ణే. మా ఆవిడ అడిలైడ్‌లో నర్సు, ఆస్ట్రేలియా పీఆర్ ఉంది. మా పెళ్లి తెనాలిలో జరిగింది. పెళ్లయిన 19వ రోజు తను ఫ్లైట్ ఎక్కేసింది. మన వైపు మామూలుగా అబ్బాయి అక్కడుంటాడు, అమ్మాయి ఇక్కడ వీసా కోసం ఎదురుచూస్తుంది. మా ఇంట్లో ఉల్టా. కాబట్టి నాకు "వీసా వచ్చిందా?" అనే ప్రశ్నతో పాటు ఇంకో బోనస్ ప్రశ్న కూడా ఉండేది: "ఏరా, పెళ్లాం పిలిస్తేనే పోతావా?" అని. నవ్వేసి ఊరుకునేవాణ్ణి. లోపల మాత్రం గుచ్చుకునేది.

ఈ రోజు మూడు విషయాలు చెప్తాను. ఈ వీసా ఎలా పనిచేస్తుంది, ఫైల్ వేశాక ఏం జరుగుతుంది, ఆ టైమ్‌లో మేమిద్దరం చేసిన తప్పేంటి. మూడోది చెప్పడానికే అసలు ఈ ఎపిసోడ్.

అసలు ఈ వీసా ఏంటి?

ఆస్ట్రేలియాలో సిటిజన్ గానీ పీఆర్ ఉన్నవాళ్లు గానీ తమ భార్యనో భర్తనో తెచ్చుకోవడానికి స్పాన్సర్ చేసేది పార్ట్‌నర్ వీసా. మనం ఆస్ట్రేలియా బయట నుంచి అప్లై చేస్తే సబ్‌క్లాస్ 309, ఆ తర్వాత 100. ఆస్ట్రేలియాలో ఉండి అప్లై చేస్తే 820, ఆ తర్వాత 801. రెండు మెట్లున్నా అప్లికేషన్ ఒక్కటే, ఫీజూ ఒక్కసారే. మొదటి మెట్టు తాత్కాలికం. అప్లై చేసిన తేదీ నుంచి సుమారు రెండేళ్లకు రెండో మెట్టుకి, అంటే పర్మనెంట్ వీసాకి, మళ్లీ పరిశీలిస్తారు. 309 చేతికొస్తే అక్కడ ఉద్యోగం చేసుకోవచ్చు, చదువుకోవచ్చు.

ఫీజు గురించి ముందే చెప్తున్నా, గుండె గట్టిగా పట్టుకోండి. 9 వేల ఆస్ట్రేలియన్ డాలర్లకు పైనే. మన డబ్బుల్లో 5 లక్షలకు పైమాటే. వీసా రిజెక్ట్ అయితే వెనక్కి ఇవ్వరు.

ఇక్కడో ముఖ్యమైన తేడా ఉంది. ఆస్ట్రేలియాలో ఉండి 820 వేసినవాళ్లకి నిర్ణయం వచ్చేదాకా అక్కడే ఉండటానికి సాధారణంగా బ్రిడ్జింగ్ వీసా దొరుకుతుంది. బయట నుంచి 309 వేసిన మనకి ఆ సౌకర్యం లేదు. మధ్యలో చూసి రావాలంటే విడిగా విజిటర్ వీసా వేసుకోవాలి, అందులో పార్ట్‌నర్ వీసా ఫైల్ నడుస్తోందన్న సంగతి దాచకూడదు.

వేరే దేశాల్లో రూల్స్ వేరు. అమెరికా సిటిజన్‌ని పెళ్లి చేసుకుంటే ఏడాదికి ఇన్నే వీసాలనే లెక్క ఉండదు, గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లని చేసుకుంటే ఎఫ్2ఏ కేటగిరీలో క్యూ ఉంటుంది. యూకే అయితే, 2024 ఏప్రిల్ 11 నుంచి కొత్తగా అప్లై చేసేవాళ్లకి అక్కడున్న పార్ట్‌నర్ ఏడాది సంపాదన మామూలుగా కనీసం 29,000 పౌండ్లు చూపించాలి. దారులు వేరైనా ఎదురుచూపు మాత్రం అందరికీ ఒకటే.

"ఆరు నెలల్లో వచ్చేస్తుంది బాస్"

మేం వెళ్లిన కన్సల్టెన్సీలో ఆయన చెప్పిన మాట ఇది. ఆయన అబద్ధం చెప్పలేదు, సగమే చెప్పాడు. ఆస్ట్రేలియా హోమ్ అఫైర్స్ వెబ్‌సైట్‌లో ప్రాసెసింగ్ టైమ్స్ పేజీ ఉంటుంది. అందులో సగం అప్లికేషన్లు ఇంతకాలంలో తేలాయి, 90 శాతం ఇంతకాలంలో తేలాయి అని చూపిస్తారు. చాలామంది మొదటి నంబర్ చూసి అదే మన డేట్ అనుకుంటారు.

జాగ్రత్తగా ఆలోచించండి. సగం మందికి తేలిందంటే మిగతా సగం మందికి ఇంకా తేలలేదనే కదా. 90 శాతం అంటే ప్రతి పదిమందిలో ఒకరు ఆ పెద్ద నంబర్ దాటి కూడా వెయిట్ చేస్తున్నారని. పైగా అవి ఈమధ్య నిర్ణయం వచ్చిన ఫైళ్ల లెక్కలు. ఈ రోజు వేసిన మీ ఫైల్‌కి వాళ్లు ఇచ్చిన మాట కాదు.

అకౌంట్‌లో స్టేటస్ కూడా అంతే. "రిసీవ్డ్" అని ఉంటుంది, తర్వాత ఎప్పుడో "ఫర్దర్ అసెస్‌మెంట్", చివరికి "ఫైనలైజ్డ్". మధ్యలో నెలల తరబడి ఏ కదలికా ఉండదు. ఇమ్మిఅకౌంట్‌ని నేను రోజుకి ఇరవైసార్లు ఓపెన్ చేసేవాణ్ణి. ఇరవైసార్లు చూసినా, నెలకోసారి చూసినా ఏం మారదు. ఏదైనా ఉంటే మెయిల్ వస్తుంది. స్పామ్ ఫోల్డర్ మాత్రం అప్పుడప్పుడు చూసుకోండి, అది చాలు.

దూరంగా ఉంటే అది కాపురం కిందికి వస్తుందా?

అందరి భయమూ ఇదే. "మేం కలిసి ఉన్నదే 19 రోజులు, మా పెళ్లి నిజమని ఎలా నమ్ముతారు?" అని.

చట్టం దీన్ని ముందే ఊహించింది. భార్యాభర్తలు కలిసి ఉండాలి, లేదా శాశ్వతంగా విడిగా ఉండకూడదు అని అందులో ఉంది. ఆ రెండో ముక్క మనకోసమే. మన భాషలో చెప్పాలంటే, ఆషాఢంలో కొత్త పెళ్లికూతురు పుట్టింటికెళ్తే కాపురం పోయినట్టు కాదు కదా? మన ఆషాఢం కొంచెం పొడుగు, అంతే. పరిస్థితుల వల్ల దూరంగా ఉన్నారా, మళ్లీ కలిసి బతకాలని నిజంగా అనుకుంటున్నారా, వాళ్లు చూసేది అది.

దానికి నాలుగు వైపుల నుంచి చూస్తారు. ఒకటి, డబ్బు: ఒకరి ఖర్చులు ఒకరు పంచుకుంటున్నారా, డబ్బు పంపుకుంటున్నారా, నామినీగా ఎవరి పేరుంది. రెండు, ఇల్లు: కలిసి ఉన్నప్పుడు ఎక్కడ, ఎలా ఉన్నారు, ముందుముందు ఎలా ఉండబోతున్నారు. మూడు, చుట్టూ ఉన్న మనుషులు: మీరిద్దరూ భార్యాభర్తలని నలుగురికీ తెలుసా. నాలుగు, కట్టుబడి ఉండటం: ఎంతకాలంగా పరిచయం, కష్టంలో ఒకరికొకరు ఎలా నిలబడ్డారు, ముందు ప్లాన్ ఏంటి. మిమ్మల్ని ఎరిగినవాళ్లు రాసే ఫామ్ 888 లాంటి స్టేట్‌మెంట్లు, మీ ఇద్దరూ విడివిడిగా రాసే కథ, ఇవన్నీ ఈ నాలుగిటి కోసమే.

మన దగ్గర చాలామంది పెళ్లి ఆల్బమ్ మొత్తం అప్‌లోడ్ చేసి హమ్మయ్య అనుకుంటారు. పెళ్లి ఫొటోలు ఒక్క రోజు సంగతే చెప్తాయి. ఆ తర్వాత మీరెలా బతుకుతున్నారన్నది కూడా వాళ్లకి కావాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీసుకున్న మ్యారేజ్ సర్టిఫికెట్, పెళ్లయ్యాక మార్చిన పీఎఫ్ నామినీ, అత్తగారి ఆపరేషన్‌కి మీరు పంపిన డబ్బు, టికెట్లు, ఇలాంటి మామూలు కాగితాలకి విలువ ఎక్కువ.

ఇప్పుడు మా తప్పు

ఆరు నెలలన్నారు కదా, నాలుగో నెలలో నేను ఉద్యోగం మానేశా. విజయవాడలో డయాగ్నస్టిక్ మెషీన్ల సర్వీస్ ఇంజినీర్‌గా చేసేవాణ్ణి. నోటీస్ పీరియడ్, సామాన్లు, ఇంగ్లిష్ కోచింగ్, ఇవన్నీ ముందే చూసుకుందాం అనుకున్నా. బైక్ కూడా అమ్మేశా. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారే, అచ్చం అదే.

మా ఆవిడకి చెప్పలేదు. వీసా వచ్చాక చెప్తే సర్‌ప్రైజ్‌గా ఉంటుందనుకున్నా. ఆరో నెల దాటింది, వీసా రాలేదు. ఇక చెప్పడానికి మొహం చెల్లలేదు. రూమ్ ఖాళీ చేసి తెనాలి వచ్చేశా. తను ఫోన్ చేస్తే "ఈ రోజు ఫీల్డ్ మీద ఉన్నా" అనేవాణ్ణి. నిజానికి మా ఇంటి డాబా మీద ఉండేవాణ్ణి.

ఏడో నెలలో ఒకరోజు మా అమ్మ ఫోన్లో తనతో, "వాడు ఇంట్లోనే ఉంటున్నాడు కదమ్మా, నాకు తోడుగా ఉంది" అని అనేసింది. అంతే. ఆ రాత్రి తను నాతో అన్నది ఒక్కటే మాట: "ఉద్యోగం పోయినందుకు కాదు, మూడు నెలలు నాకు చెప్పనందుకు." ఆ తర్వాత ఫోన్లు తగ్గిపోయాయి. అడిలైడ్‌కి మనకి నాలుగు గంటల తేడా, అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా ఐదు గంటలు. తను నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి మనకి తెల్లారుజాము మూడున్నర. అంతకుముందు అలారం పెట్టుకుని మరీ లేచేవాణ్ణి. తర్వాత అలారం తీసేశా. "తిన్నావా?" "ఆ." "ఏంటి విశేషాలు?" "ఏం లేవు." రెండు నెలలు ఇంతే నడిచింది.

లెటర్ వచ్చింది

పదకొండో నెలలో డిపార్ట్‌మెంట్ నుంచి మెయిల్ వచ్చింది. ఫైల్ వేశాక మీ బంధం ఎలా కొనసాగుతోందో ఆధారాలు పంపమని. 28 రోజులు గడువు. ఫోన్ తీసి చూసుకుంటే ఆ రెండు నెలలూ ఎడారిలా ఉన్నాయి. మిస్డ్ కాల్స్, "తర్వాత చేస్తా", అంతే.

తెలిసినవాడొకడు సలహా ఇచ్చాడు. "ఏముంది బ్రో, పాత డేట్లతో చాట్లు తయారుచేయొచ్చు. ఫొటోలు మార్ఫ్ చేసేవాళ్లున్నారు." ఫ్రెండ్స్, ఈ మాట జాగ్రత్తగా వినండి. తప్పుడు డాక్యుమెంట్ ఇచ్చారని తేలితే ఆస్ట్రేలియా రూల్స్ ప్రకారం వీసా రిజెక్ట్ అవ్వడమే కాదు, చాలా రకాల వీసాలకి మూడేళ్లు తలుపు మూసేస్తారు. అదే అసలు మనిషి ఎవరన్న దాంట్లో మోసం చేస్తే పదేళ్లు. నిజమైన పెళ్లికి దొంగ కాగితం పెట్టి, పెళ్లే దొంగది అనిపించుకోవడం అన్నమాట.

నేను తనకి ఫోన్ చేసి లెటర్ సంగతి చెప్పా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అంది, "జరిగింది జరిగినట్టే రాద్దాం. నువ్వు నీది రాయి, నేను నాది రాస్తా. రాశాక ఒకరిది ఒకరు చదువుదాం."

నేను రాశా. ఉద్యోగం మానేసింది, దాచింది, గొడవ, అన్నీ. తనది చదివినప్పుడు నాకు నోట మాట రాలేదు. ఆరు నెలల్లో నేను వస్తానని, కొలీగ్స్‌తో షేరింగ్‌లో ఉన్న ఇల్లు వదిలేసి, మా ఇద్దరి కోసం విడిగా ఫ్లాట్ తీసుకుందట. అద్దె అంతకుముందు కంటే డబుల్. దానికోసం ఎక్స్‌ట్రా షిఫ్టులు చేస్తోందట. అందుకే ఫోన్లో ఎప్పుడూ అలిసిపోయి ఉండేది. నేనేమో నామీద ఇష్టం తగ్గిందనుకున్నా. నాకెందుకు చెప్పలేదని అడిగితే, "నీకు ఆల్రెడీ టెన్షన్, ఇది కూడా ఎందుకని" అంది.

చూశారా? నేను ఉద్యోగం దాచా, తను అద్దె దాచింది. ఇద్దరం మంచి ఉద్దేశంతోనే దాచాం. ఇద్దరం ఒకే తప్పు చేశాం. మా చేతుల్లో లేని ఒక డేట్‌ని నమ్ముకుని, మా చేతుల్లో ఉన్న జీవితాన్ని దాని చుట్టూ కట్టేశాం. ఆ డేట్ జరిగిపోయేకొద్దీ ఒకరికొకరు చెప్పుకోలేనివి పెరిగాయి.

ఆ రెండు స్టేట్‌మెంట్లూ ఉన్నదున్నట్టు పంపాం. వాటితోపాటు తన లీజ్ అగ్రిమెంట్, నా రిజిగ్నేషన్ లెటర్, తను పంపిన డబ్బుల రికార్డులు. కాల్ లాగ్ కూడా ఆ రెండు నెలల ఖాళీతో సహా పెట్టాం.

ఆ తర్వాతి నెలలో నేను మళ్లీ విజయవాడలో ఉద్యోగంలో చేరా. తను ఫ్లాట్‌లోకి ఒక మలయాళీ నర్సుని రూమ్‌మేట్‌గా తెచ్చుకుంది. వారానికి రెండు రోజులు, ఎంత పనున్నా వీడియో కాల్, అందులో వీసా మాట ఎత్తకూడదని రూల్. మొదట్లో మాట్లాడటానికి ఏం దొరికేది కాదు. తర్వాత తను వంట చేస్తుంటే నేను కూడా ఇక్కడ చేయడం మొదలుపెట్టా. ఒకే కూర, రెండు వంటిళ్లు. నా గోంగూర పచ్చడి తన కంటే బాగా కుదురుతుంది, ఈ మాట తను ఒప్పుకోదు.

మరి వెయిటింగ్‌లో ఏం చెయ్యాలి?

ఒకటి. వీసా చేతికి రాకముందు ఉద్యోగం మానొద్దు, బండి అమ్మొద్దు, ఇల్లు ఖాళీ చేయొద్దు. పెద్ద నిర్ణయం ఏదైనా "ఇంకో ఏడాది రాకపోయినా ఇది సరైన పనేనా?" అని అడిగి తీసుకోండి.

రెండు. మెడికల్స్, పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ సాధారణంగా ఏడాదే చెల్లుతాయి. ఆలస్యమైతే మళ్లీ అడగొచ్చు. నేను మెడికల్స్ కోసం రెండోసారి హైదరాబాద్ వెళ్లొచ్చా. ఆ ఖర్చు ముందే పక్కన పెట్టుకోండి. గత పదేళ్లలో మొత్తం కలిపి 12 నెలలు ఉన్న ప్రతి దేశం నుంచీ పోలీస్ సర్టిఫికెట్ అడుగుతారు కాబట్టి, గల్ఫ్‌లోనో ఇంకెక్కడో పనిచేసి వచ్చినవాళ్లు ముందుగానే మొదలుపెట్టండి.

మూడు. ఏం మారినా అకౌంట్‌లో అప్‌డేట్ చేయండి. అడ్రస్, కొత్త పాస్‌పోర్ట్, ఉద్యోగం, ప్రెగ్నెన్సీ, బాబో పాపో పుట్టడం. విడిపోయినా సరే చెప్పాల్సిందే.

నాలుగు. లెటర్ వస్తే ముందు గడువు చూడండి. ఏదైనా డాక్యుమెంట్ టైమ్‌కి రాదనిపిస్తే మౌనంగా ఉండకుండా, గడువు లోపలే కారణం రాసి టైమ్ అడగండి.

ఐదు. "లోపల మనవాళ్లున్నారు, డబ్బు కడితే ఫాస్ట్ చేయిస్తాం" అన్నవాణ్ణి అక్కడే వదిలేయండి. సలహా కావాలంటే ఆస్ట్రేలియాలో రిజిస్టర్ అయిన మైగ్రేషన్ ఏజెంట్లకి ఒక నంబర్ ఉంటుంది, ప్రభుత్వ రిజిస్టర్‌లో ఎవరైనా వెతికి చూసుకోవచ్చు. నంబర్ అడగండి, మీరే చెక్ చేసుకోండి.

ఆరు. రిజెక్ట్ అయితే లోకం ఆగిపోదు. 309 విషయంలో అక్కడున్న స్పాన్సర్ సాధారణంగా రివ్యూకి వెళ్లొచ్చు. 2024 అక్టోబర్ నుంచి ఆ పని అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ ట్రిబ్యునల్ చూస్తోంది. గడువు రిజెక్షన్ లెటర్‌లోనే ఉంటుంది, ఒక్కరోజు కూడా దాటనివ్వకండి.

ఏడు. చుట్టాలకి ఇద్దరూ కలిసి ఒకే జవాబు అనుకోండి. మాది ఇది: "వచ్చినప్పుడు మేమే చెప్తాం, స్వీట్లతో వస్తాం." నవ్వుతూ చెప్పండి. రెండుమూడుసార్లు విన్నాక వాళ్లే అడగడం మానేస్తారు.

17వ నెలలో, ఒక ల్యాబ్‌లో మెషీన్ మూత విప్పి కూర్చున్నప్పుడు మెయిల్ వచ్చింది. గ్రాంటెడ్. తనకి ఫోన్ చేశా, డ్యూటీలో ఉంది, ఎత్తలేదు. మెషీన్ మూత బిగించి, టెస్ట్ రన్ చేసి, సైన్ తీసుకుని బయటికొచ్చా. అప్పుడు తనే చేసింది. "ఏంటి విశేషాలు?" అని అడిగింది. ఈసారి చెప్పడానికి విశేషం ఉంది. చెప్పా. కాసేపు అటునుంచి ఏ మాటా లేదు, తర్వాత ఏడుపు. తర్వాత, "సరే, రూమ్‌మేట్‌కి రెండు నెలలు టైమ్ ఇవ్వాలి, అంతలోపు రావొద్దు" అంది. తనకి ముందే చెప్పి, నేనూ అదే రోజు రెండు నెలల నోటీస్ ఇచ్చా.

ఇప్పుడు మీరు ఆ క్యూలో ఉంటే ఈ రోజు ఒక్క పని చేయండి. ఇమ్మిఅకౌంట్ తెరిచే ముందు మీ మనిషికి ఫోన్ చేసి, ఇన్నాళ్లూ "ఎందుకులే టెన్షన్" అని చెప్పకుండా దాచిన ఒక్క విషయం చెప్పండి. డిపార్ట్‌మెంట్‌కి చెప్పాల్సినవి ఎలాగూ చెప్తారు. ముందు ఒకరికొకరు చెప్పుకోండి.

మరో ఎపిసోడ్‌లో కలుద్దాం. అందరూ జాగ్రత్త. ఉంటాను.